మామయ్య మెరూన్ తువ్వాలు: 2022 జులైలో శ్రీలంక

జులై 7, గురువారం: కటునాయక నుంచి గాలెకి

టికెట్లు మార్చిలో కొన్నాం. అప్పటికే శ్రీలంకలో కరెంటు కోతలు మొదలయ్యాయిగానీ, జులైకల్లా అంతా సర్దుకుంటుందని మామయ్య ధీమా. సర్దుకోలేదు. ఏప్రిల్‌లో ఆ దేశం విదేశీ అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. మే 9న ప్రధాని మహింద రాజపక్స దిగిపోయారు. జూన్ చివర్లో అత్యవసర సేవలకు తప్ప ఎవరికీ పెట్రోలు పోయొద్దని ప్రభుత్వమే ఆపేసింది. ఇంట్లో అందరూ మానుకోమన్నారు. మామయ్య మాత్రం, "ఒరేయ్, గాలెలో ఆస్ట్రేలియాతో టెస్టు జరుగుతోంది. వాళ్లే వచ్చి ఆడుతుంటే కూర్చుని చూసేవాళ్లకేం రోగం?" అన్నాడు. ఆ వాదనలో లొసుగు ఎక్కడుందో నాకు తర్వాత తెలిసింది. ఆటగాళ్ల బస్సుకి ముందూ వెనకా పోలీసులుంటారు. మనకుండరు.

బయల్దేరే ముందు నేను చేసిన మంచి పని ఒకటే, ఇన్సూరెన్స్ కాగితం చివరిదాకా చదవడం. అల్లర్లు, తిరుగుబాట్ల వల్ల కలిగే నష్టానికి పరిహారం లేదని చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది. అంటే జబ్బు చేస్తే డబ్బులొస్తాయి, ఊళ్లో గొడవై విమానం పోతే రావు. అందుకని విమానానికి అవసరమైతే తేదీ మార్చుకునే టికెట్ తీసుకున్నాం. కొంచెం ఎక్కువైంది. మామయ్య బీపీ మాత్రలు తొమ్మిది రోజుల ప్రయాణానికి ఇరవై రోజులవి పెట్టించాను. అక్కడ మందుల షాపుల్లో అరలు ఖాళీ అయ్యాయని వార్తల్లో చూస్తూనే ఉన్నాం.

కటునాయక విమానాశ్రయంలో డాలర్లు మార్చాం, ఒక్కోదానికి 360 శ్రీలంక రూపాయల దాకా వచ్చింది. కౌంటర్‌లో అమ్మాయి అన్నీ అయిదు వేల నోట్లే ఇవ్వబోతే వద్దని, వందలూ అయిదు వందలూ అడిగి తీసుకున్నాను. ఆ రోజు నాది చాదస్తంలా కనిపించింది. కరెంటు లేనప్పుడు కార్డు గీకే మిషన్ పనిచెయ్యదు, చిన్న కొట్లో అయిదు వేలకి చిల్లర ఉండదు. మిగతా ప్రయాణమంతా ఆ చిన్న నోట్లే మమ్మల్ని మోశాయి.

గాలెకి వ్యాన్ ముందే మాట్లాడుకున్నాం. డ్రైవర్ డీజిల్ కోసం రెండు రాత్రులు క్యూలో పడుకున్నాడట. దారి పొడుగునా బంకుల ముందు ఆటోలు, మోటార్ సైకిళ్లు, లారీలు కిలోమీటర్ల కొద్దీ నిలబడి ఉన్నాయి. కొన్ని ఆటోల్లో మనుషుల్లేరు, సీటు మీద దిండు మాత్రమే ఉంది. లీటరు పెట్రోలు 470 రూపాయలు, అదీ దొరికితే. మామయ్య ఫోన్ తీసి వీడియో తియ్యబోయాడు. డ్రైవర్ అద్దంలోంచి చూసి, "వద్దు సార్. వాళ్లు మూడు రోజుల్నుంచి నిద్రపోలేదు" అన్నాడు. ఆ ఒక్క ముక్కతో నాకు సగం విషయం అర్థమైంది. ఆ రోజుల్లో గొడవలు మొదలయ్యేది సభల దగ్గరే కాదు, బంకుల దగ్గర కూడా.

మా గెస్ట్‌హౌస్ కోట లోపల ఓ సందులో ఉంది. యజమానురాలికి యాభై ఏళ్లుంటాయి. ఏమని పిలవాలని అడిగితే "అక్క అనండి" అంది. సింహళంలోనూ అక్క అంటే అక్కేనట. నన్ను "మల్లీ" అంది. తమ్ముడని అర్థం. మామయ్య అరగంట నవ్వాడు. ఆ తర్వాత ఆవిడ చూపు మామయ్య మెడ మీద పడింది. ప్రయాణాల్లో ఆయనకి ఓ మెరూన్ రంగు తువ్వాలు మెడలో ఉండాలి. "అంకుల్, అది తీసి సంచిలో పెట్టండి. ఇక్కడున్నన్నాళ్లూ బయటికి తియ్యకండి" అంది అక్క. మహింద రాజపక్స ఎప్పుడూ కప్పుకునేది ఆ రంగు కండువానే. కురక్కన్ రంగు అంటారు, కురక్కన్ అంటే మన రాగులే. ఒకప్పుడు పల్లె మనిషినని చెప్పుకోవడానికి వేసుకున్న కండువా, ఇప్పుడు వీధిలో వేసుకుంటే పార్టీ మనిషివా అని నిలదీసే కండువా. ఈ విషయం నేను చదివిన ఏ జాగ్రత్తల జాబితాలోనూ లేదు.

జులై 8, శుక్రవారం: గాలె

రోజంతా క్రికెట్. లబుషేన్ 104, స్మిత్ సెంచరీ చేసి నాటౌట్. సాయంత్రానికి ఆస్ట్రేలియా 5 వికెట్లకి 298. కోట గోడెక్కి పైసా ఖర్చు లేకుండా చూసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఏదో అల్లరి దేశంలో ఉన్నామని అనిపించనే లేదు.

ఆ అనిపించకపోవడమే మోసం. రాత్రి భోజనం దగ్గర అక్క ఫోన్ చూస్తూ, కొలంబోలో తొమ్మిది నుంచి కర్ఫ్యూ అంది. మర్నాడు పెద్ద ప్రదర్శన ఉంది, దాన్ని ఆపడానికన్నమాట. కర్ఫ్యూ ఉన్న పోలీసు డివిజన్ల పేర్లలో నెగొంబో కూడా ఉంది. మా ఫోన్ మ్యాపులో వేలు పెట్టి చూశాను. విమానాశ్రయం ఉన్నది ఆ పక్కనే. అప్పటిదాకా గాలె నుంచి కొలంబో ఎంత దూరమని మాత్రమే లెక్కేసుకున్నాను, బయటికి పోయే తలుపు ఎటు ఉందో చూడలేదు.

ఆ రాత్రే మామయ్యా నేనూ కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. పొద్దున ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ ఇంటికి ఒక మెసేజ్ పంపాలి, మధ్యలో వాళ్లు ఫోన్ చేసి కంగారు పెట్టకూడదు. పాస్‌పోర్టులు ఒంటి మీదే ఉండాలి, ఫొటోలు మెయిల్లో ఉండాలి. కరెంటు ఉన్నప్పుడు రెండు ఫోన్లూ, పవర్ బ్యాంకూ నిండా చార్జింగ్ పెట్టాలి, రోజుకి మూడు గంటలు కోత కాబట్టి. మ్యాపులు ముందే ఫోన్లో దింపుకోవాలి. ఏప్రిల్‌లో ప్రభుత్వం ఓ రోజు సోషల్ మీడియా మొత్తం ఆపేసింది, మళ్లీ ఆపదని ఎవరు చెప్పగలరు? అందుకే ఒక ఫోన్లో ఇక్కడి సిమ్, ఇంకోదాన్లో రోమింగ్. మామయ్య అన్నింటికీ ఊ కొట్టి, "ఇంతకీ రేపు మ్యాచ్‌కి ఎన్నింటికి వెళ్దాం?" అన్నాడు.

జులై 9, శనివారం: గాలె

పొద్దున ఎనిమిదింటికే కర్ఫ్యూ ఎత్తేశారు. లాయర్ల సంఘం అది చట్టవిరుద్ధమని పట్టుబట్టిందట.

మేం పదింటికి స్టేడియంలో కూర్చున్నాం. గాలె స్టేషన్ స్టేడియం పక్కనే. కొలంబో వెళ్లే రైలు నడపాల్సిందేనని జనం పట్టుబట్టి నడిపించుకున్నారు. కిటికీలకీ, తలుపులకీ వేలాడుతూ, కొందరు పెట్టెల పైకెక్కి, జెండాలూపుతూ వెళ్లారు. కాసేపటికి స్టేడియం బయట రోడ్డు మీదికీ, కోట గోడల మీదికీ వందల మంది చేరారు. "గోటా గో హోమ్" అన్న నినాదం లోపలికి వినిపిస్తూనే ఉంది. గోటా అంటే అధ్యక్షుడు గోటబాయ రాజపక్స, మహింద తమ్ముడు. శ్రీలంక కొత్త బౌలర్ ప్రభాత్ జయసూర్య వికెట్ తీసినప్పుడల్లా బయటివాళ్లూ అరిచారు, లోపలివాళ్లూ అరిచారు. ఎవరు దేనికి అరుస్తున్నారో విడదీయలేని స్థితి. తొలి టెస్టులోనే 118 పరుగులకి 6 వికెట్లు.

మామయ్య టీ విరామంలో లేచి, "గోడ మీదికి వెళ్లి చూసొద్దాం పద" అన్నాడు. నేను వద్దన్నాను. జనానికి భయపడి కాదు. అక్కడి జనం మమ్మల్ని ఏమీ అనరు, ఆ సంగతి చూస్తేనే తెలుస్తోంది. నా భయమల్లా పోలీసులు ఒక్కసారి కదిలితే గోడ మీంచి దిగే దారి ఇరుకుగా ఉంటుందని. గుంపులో తొక్కిసలాట చేసేది గుంపు కాదు, దారి. మేం కూర్చున్న చోటు నుంచి బయటికి రెండు గేట్లున్నాయి, ఒకటి రోడ్డు వైపు కాదు. మేం ఆ రెండో గేటు దగ్గరి వరసలోకి మారి కూర్చున్నాం. మామయ్య సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

గెస్ట్‌హౌస్‌కి వచ్చేసరికి టీవీ ముందు వీధి వీధంతా ఉంది. కొలంబోలో జనం అధ్యక్ష భవనంలోకి చొచ్చుకుపోయారు. ఈత కొలనులో దూకుతున్నారు, మంచాల మీద పడుకుని ఫొటోలు దిగుతున్నారు. అక్క నవ్వుతూ కళ్లు తుడుచుకుంటోంది. చీకటి పడ్డాక దృశ్యం మారింది. ప్రధాని రణిల్ విక్రమసింఘె సొంత ఇల్లు తగలబడుతోంది. అక్క నవ్వు ఆగిపోయింది. "ఇది మా పిల్లల పని కాకూడదు" అని ఒక్క మాట అని లోపలికి వెళ్లిపోయింది. రాత్రి పార్లమెంటు స్పీకర్ ప్రకటన వచ్చింది, గోటబాయ రాజపక్స 13న రాజీనామా చేస్తారని.

నేను 13వ తేదీకి మా ప్లాన్‌లో ఏముందో చూశాను. కొలంబో. అధ్యక్ష భవనానికి నడిచి వెళ్లేంత దూరంలో హోటల్.

జులై 10, ఆదివారం: గాలె

కోటలో బక్రీద్. మీరాన్ మసీదు దగ్గర నమాజుకి వచ్చినవాళ్లు ఒకరినొకరు కౌగిలించుకుంటూ, ఆ వెంటనే కొలంబో కబుర్లు చెప్పుకుంటున్నారు. శ్రీలంక బ్యాటర్ చండీమల్ సెంచరీ చేశాడు. అంతకుమించి ఆ రోజు ఆట గురించి నాకు గుర్తులేదు. మనసంతా హోటల్ మీదే.

మామయ్య వాదన ఇదీ: పదమూడున చరిత్ర జరుగుతుంది, చూడటానికి మనం అక్కడే ఉంటాం, ఇంతకన్నా అదృష్టమేముంది? నాది: చరిత్ర జరిగే రోజున రోడ్లు మూస్తారు, మన విమానం పదిహేను పొద్దున, మధ్యలో మిగిలేది ఒక్క రోజు. ఎవరూ మమ్మల్ని కొట్టరు, నాకు తెలుసు. కానీ చిక్కుకుపోతాం. అల్లరి దేశంలో విదేశీయుడికి ఎక్కువసార్లు జరిగేది అదే. డబ్బులైపోతాయి, మాత్రలైపోతాయి, విమానం వెళ్లిపోతుంది, ఎక్కడా మన పేరు రాదు.

అక్కని అడిగాం. ఆవిడ తన అన్న కొడుక్కి ఫోన్ చేసింది, అతను ఆటో నడుపుతాడు. అతను ఇంకో డ్రైవర్‌ని అడిగాడు. పది నిమిషాల్లో జవాబు: కొలంబో వద్దు, నెగొంబోలో దిగండి, సముద్రం వైపు సందుల్లో. విమానాశ్రయానికి పది కిలోమీటర్లు. పెట్రోలు లేకపోతే సైకిల్ మీదైనా పంపించొచ్చు. ఇంత సూటి సలహా నాకు ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకలేదు. కొలంబో హోటల్‌కి కట్టిన అడ్వాన్స్ తిరిగి రాలేదు. పోనీ.

నెగొంబోలో గది ఫోన్లో మాట్లాడాను. నేను అడిగినవి మూడే: మెయిన్ రోడ్డు మీద ఉందా, గ్యాస్ లేకపోతే కట్టెల పొయ్యి ఉందా, ట్యాంకులో నీళ్లు ఎంత సేపు వస్తాయి. ఆయన ఆశ్చర్యపోయి, "మీరు శ్రీలంకవాళ్లా?" అన్నాడు.

జులై 11, సోమవారం: గాలె

చండీమల్ ఆస్ట్రేలియా బౌలర్ స్టార్క్‌ని వరసగా రెండు సిక్సర్లు కొట్టి డబుల్ సెంచరీ దాటాడు. 206 నాటౌట్. ఆస్ట్రేలియా రెండో ఇన్నింగ్స్ 151కి కుప్పకూలింది. ఇన్నింగ్స్ 39 పరుగుల తేడాతో శ్రీలంక గెలుపు, జయసూర్యకి మొత్తం 12 వికెట్లు. మ్యాచ్ నాలుగో రోజే అయిపోయింది. బయట టపాసులు కాల్చారు. పెట్రోలు లేని, గ్యాస్ లేని, అధ్యక్షుడు ఎక్కడున్నాడో తెలియని దేశం ఆ సాయంత్రం గంటసేపు పెళ్లిల్లులా ఉంది. మామయ్య నలుగురు అపరిచితుల్ని కౌగిలించుకున్నాడు. నేను అడ్డం చెప్పలేదు.

జులై 12, మంగళవారం: గాలె, కొలంబో, నెగొంబో

వచ్చేముందు ఒక పని జరిగింది. అక్క వాళ్లమ్మకి బీపీ. చీటీ చూపించింది, మామయ్య వేసుకునే మందే, అదే పవర్. నెల రోజుల్నుంచి దొరకడం లేదట. మామయ్య తన దగ్గరున్న వాటిలోంచి వారానికి సరిపడా దాచుకుని మిగతావి ఆవిడ చేతిలో పెట్టాడు. అక్క డబ్బులివ్వబోతే, "అమ్మకి ఇచ్చాను, నీక్కాదు" అన్నాడు.

రైలు సముద్రం ఒడ్డునే వెళ్తుంది, అలల తుంపర కిటికీలోంచి మీద పడేంత దగ్గరగా. పెట్రోలు లేక ఊరంతా రైలెక్కింది, కూర్చోడానికి చోటు లేదు. కొలంబో ఫోర్ట్ స్టేషన్లో దిగి నెగొంబో రైలు పట్టుకోవాలి. మధ్యలో రెండున్నర గంటల ఖాళీ. మామయ్య నా మొహంకేసి చూశాడు. మూడు రోజులుగా నేను ప్రతిదానికీ వద్దంటున్నాను. స్టేషన్ బయట టీ అమ్మే మనిషిని అడిగాను, ఇవాళ గాల్ ఫేస్ ఎలా ఉందని. "పిల్లా పాపలతో వెళ్తున్నారు. రేపు మాత్రం వెళ్లకండి" అన్నాడు. సరే, ఒక్క గంట, నేను లేవమంటే లేవాలి అని ఒప్పందం.

గాల్ ఫేస్ మైదానంలో ఆందోళనకారుల గుడారాలు. ఏప్రిల్ 9 నుంచి అక్కడే ఉన్నారు. ఆ చోటికి గోటాగోగమ అని పేరు పెట్టుకున్నారు. గమ అంటే గ్రామమే, మన గ్రామం లాంటి మాటే. లైబ్రరీ ఉంది, ఉచితంగా అన్నం పెట్టే వంటశాల ఉంది. అధ్యక్ష భవనం చూడటానికి కుటుంబాలు కుటుంబాలుగా క్యూ కట్టారు, తిరునాళ్లకి వచ్చినట్టు. ఓ కుర్రాడు మాతో ఇంగ్లిష్‌లో మాట్లాడుతూ, టియర్ గ్యాస్ వేస్తే పరుగెత్తొద్దు, గాలి ఎటు వీస్తోందో చూసి దానికి అడ్డంగా నడవాలి, కళ్లు రుద్దకూడదు, నీళ్లతో కడగాలి అని చెప్పాడు. కళ్లకి లెన్సులుంటే ముందే తీసెయ్యాలట. నాకున్నాయి. ఆ మాట విన్నాక అక్కడే తీసి కళ్లజోడు పెట్టుకున్నాను. చివర్లో, మీరు ఏ పక్షం అని అడిగాడు. "చండీమల్ పక్షం" అన్నాడు మామయ్య. కుర్రాడు పడీ పడీ నవ్వాడు. పరాయి దేశం గొడవలో అంతకంటే మంచి జవాబు నాకు ఇప్పటికీ తట్టలేదు.

మేం లోపలికి వెళ్లలేదు. మామయ్య బతిమాలాడు, చుట్టుపక్కలవాళ్లు వెళ్లమన్నారు. సంబరంలా కనిపించినా అది ఆక్రమించిన ప్రభుత్వ భవనం. ఇవాళ నవ్వుతూ దిగిన ఫొటో రేపు కేసుకి సాక్ష్యం. స్థానికుడైతే లాయర్‌ని పెట్టుకుంటాడు, టూరిస్టు వీసా మీద వచ్చినవాడికి విమానం ఎక్కే దగ్గర తెలుస్తుంది.

తిరిగి వస్తుంటే తప్పు జరిగింది, అదీ మామయ్య వల్ల కాదు, నా వల్ల. ఓ పాత తెల్లటి భవనం బావుందని ఫోన్ తీసి ఫొటో కొట్టాను. ఫ్రేములో ఇనుప బారికేడ్, దాని వెనక సైనికులు. నేను చూసుకోనే లేదు. ఒకతను దగ్గరకొచ్చి చెయ్యి చాచాడు. గట్టిగా అరవలేదు, అదే ఎక్కువ భయపెట్టింది. ఫోన్ నా చేతిలోనే ఉంచుకుని, స్క్రీన్ అతని వైపు తిప్పి, ఫొటో తీసేశాను. తీసేసినవి ఉండే ఫోల్డర్‌లోంచి కూడా తీసెయ్యమన్నాడు, తీసేశాను. పాస్‌పోర్ట్ చూపించాను. "ఇండియా?" అన్నాడు. అవునన్నాను. మామయ్యకేసి చూసి, "అంకుల్, ఎండగా ఉంది, స్టేషన్‌కి వెళ్లండి" అన్నాడు. మొత్తం రెండు నిమిషాలు. నా చొక్కా వీపంతా తడిసిపోయింది. మామయ్య ఆ తర్వాత ఒక్కసారి కూడా దెప్పలేదు, అదింకా కష్టంగా ఉంది.

జులై 13, బుధవారం: నెగొంబో

తెల్లారేసరికి ఫోన్ నిండా ఒకటే వార్త. అర్ధరాత్రి దాటాక అధ్యక్షుడు భార్యతో, ఇద్దరు అంగరక్షకులతో వైమానిక దళం ఆంటొనోవ్ విమానంలో మాల్దీవులకి వెళ్లిపోయారు. రాజీనామా మాత్రం చెయ్యలేదు. రణిల్ విక్రమసింఘె తాత్కాలిక అధ్యక్షుడయ్యారు. ఎమర్జెన్సీ అన్నారు, పశ్చిమ ప్రావిన్స్‌లో కర్ఫ్యూ అన్నారు. నెగొంబో ఉన్నది అందులోనే. ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అంటే తలో మాట.

పైగా ఆ రోజు ఎసళ పోయ, పౌర్ణమి. పోయ రోజు సెలవు, బ్యాంకులుండవు, చాలా కొట్లు మూసేస్తారు. క్యాలెండర్‌లో ఇది ముందే ఉంది, నేనే చూడలేదు. అల్లరి ఒకటే కాదు, అది పండగతో, సెలవుతో కలిసి వస్తే ఎలా ఉంటుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. అదృష్టం కొద్దీ ముందురోజు రాత్రి బ్రెడ్డు, అరటిపళ్లు, బిస్కెట్లు, అయిదు లీటర్ల నీళ్ల క్యాన్ కొనిపెట్టాను.

ఆ రోజు మేం గది గుమ్మం దాటలేదు. చెయ్యడానికి పని లేనప్పుడు పుకార్లే పని. విమానాశ్రయం మూసేశారని ఒక గ్రూపులో. సైన్యం అధికారం తీసుకుందని ఇంకో గ్రూపులో. కొలంబోలో ఫ్లవర్ రోడ్డులో ప్రధాని కార్యాలయం మీదికి జనం వెళ్లారు, టియర్ గ్యాస్ పేలింది, హెలికాప్టర్లు తిరిగాయి. ఇవి నిజాలు. ప్రభుత్వ చానల్ రూపవాహిని కాసేపు ఆగిపోయింది, అదీ నిజమే. నిజాల మధ్యలో కలిసిపోయి వచ్చే అబద్ధాన్ని పట్టుకోవడమే కష్టం. విమానాశ్రయం సంగతి తేల్చుకోవడానికి వార్తలు చూడటం మానేసి, విమానాల కదలికలు చూపించే యాప్ తెరిచాను. కటునాయకలో విమానాలు దిగుతున్నాయి, లేస్తున్నాయి. అయిపోయింది, మూయలేదు. అప్పటి నుంచి గంటకొకసారి అదే చూశాను, గ్రూపులన్నీ సైలెంట్‌లో పెట్టేశాను.

మమ్మల్ని నిజంగా టెన్షన్ పెట్టిన పుకారు వేరే. గోటబాయ పారిపోవడానికి ఇండియా సాయం చేసిందట. మన హైకమిషన్ అది పూర్తిగా నిరాధారమని వెంటనే ఖండించింది. కానీ ఖండన పుకారంత వేగంగా నడవదు. ఇంటి యజమాని మధ్యాహ్నం వచ్చి, మొహమాటపడుతూనే, "ఇవాళ బయట హిందీలోగానీ, మీ భాషలోగానీ గట్టిగా మాట్లాడకండి" అన్నాడు. ఇంటి నుంచి నిన్నటిదాకా "మన దేశం వాళ్లకి డీజిల్ పంపిస్తోంది కదా, మిమ్మల్ని బాగా చూసుకుంటారు" అంటూ వచ్చారు. అదీ నిజమే, మన ఇండియన్ ఆయిల్ వాళ్ల లంక ఐఓసీ బంకుల ముందు క్యూలు చూశాం. ఒకే పాస్‌పోర్ట్ పొద్దున గొడుగు, మధ్యాహ్నం పిడుగు. హైకమిషన్‌కి మా పేర్లు, గది చిరునామా, విమానం వివరాలు మెయిల్ చేశాను. ఆ పని మొదటి రోజే చెయ్యాల్సింది.

రాత్రి ఎనిమిదికి ఇంటికి పంపిన మెసేజ్: "అన్నం తిన్నాం. మామయ్య నిద్రపోయాడు. విమానాలు తిరుగుతున్నాయి." అందులో మొదటి ముక్క అబద్ధం, బ్రెడ్డే తిన్నాం.

జులై 14, గురువారం: నెగొంబో నుంచి విమానాశ్రయానికి

కొలంబోలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మర్నాడు పొద్దున అయిదు దాకా కర్ఫ్యూ. మాది గంపహ జిల్లా కాబట్టి మాకు లేదు. ఇవాళ లేదంటే రాత్రికి రాదని కాదు. కర్ఫ్యూలో కూడా విమానం టికెట్టూ పాస్‌పోర్టూ చూపిస్తే వదులుతారని యజమాని చెప్పాడు. మమ్మల్ని వదులుతారు సరే, తీసుకెళ్లే ఆటో రావాలిగా? పొద్దున విమానానికి ఈ సాయంత్రమే వెళ్లి కూర్చుందామన్నాను. ఈసారి మామయ్య మారు మాట్లాడలేదు, బ్యాగు సర్దేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

గోటబాయ మాల్దీవుల రాజధాని మాలె నుంచి సౌదీ విమానంలో సింగపూర్ వెళ్తున్నారు. ఆ విమానాన్ని ప్రపంచమంతా యాప్‌లో చూస్తోంది, నేను నిన్నటి నుంచి మా విమానం కోసం చూస్తున్న అదే యాప్‌లో. మామయ్య కళ్లజోడు సర్దుకుని ఆ చిన్న పసుపు బొమ్మని చూస్తూ, "మనకంటే ముందే వెళ్లిపోయాడ్రా" అన్నాడు.

ఆటో కుర్రాడు అయిదింటికి వచ్చాడు. అక్క అన్న కొడుకు చెప్పిన మనిషి. ఈ కిరాయి కోసం రెండు లీటర్ల పెట్రోలు నాలుగు రోజులుగా దాచి ఉంచాడట. మధ్యలో ఒకాయన రెట్టింపు ఇస్తానన్నా కదల్లేదట. దారిలో ఒక చోట చెక్‌పోస్ట్. నేను చెప్పకుండానే మామయ్య రెండు చేతులూ మోకాళ్ల మీద కనిపించేలా పెట్టుకున్నాడు, ఫోన్ సంచిలో. టికెట్ ప్రింట్ చూసి పంపించేశారు. ఫోన్లో ఉన్న టికెట్ కంటే కాగితం మీది టికెట్‌ని పోలీసులు తొందరగా నమ్ముతారు, ఎందుకో.

డబ్బులిస్తుంటే కుర్రాడు మాట్లాడుకున్నదాని కంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. మామయ్య బలవంతం చేస్తే, "అంకుల్, మీరు చండీమల్ సిక్సర్లు కళ్లారా చూశారు కదా, ఎలా కొట్టాడో చెప్పండి చాలు" అన్నాడు. అతను ఆ రోజంతా బంకు దగ్గర క్యూలో ఉన్నాడు. మామయ్య విమానాశ్రయం గేటు ముందు సామాన్లు కింద పెట్టి, గొడుగు బ్యాట్‌లా పట్టుకుని, రెండు సిక్సర్లూ ఆడి చూపించాడు. సెక్యూరిటీ మనిషి కూడా వచ్చి నిలబడి చూశాడు.

చీకటి పడ్డాక, అధ్యక్షుడు రాజీనామాని మెయిల్లో పంపించారని వార్త. లోపల కుర్చీల్లో ఉన్న మాకు దూరంగా టపాసులు వినిపించాయి. మొదటి రెండు మోతలకీ హాల్లో సగం మంది ఉలిక్కిపడి లేచారు.

జులై 15, శుక్రవారం: కటునాయక

ఏసీకి మెడ పట్టేసిందని మామయ్య అర్ధరాత్రి సంచిలోంచి మెరూన్ తువ్వాలు తీశాడు. నాకేసి చూశాడు. మళ్లీ మడిచి లోపల పెట్టేసి, నా దుప్పటి లాక్కున్నాడు.

పొద్దున టీవీలో స్పీకర్, రాజీనామా అందిందని ప్రకటిస్తున్నారు. హాలు ఊడ్చేవాళ్లు, కాఫీ అమ్మేవాళ్లు, స్టాంపులు వేసే ఆఫీసర్లు అందరూ పని వదిలి టీవీ కిందికి చేరారు. అప్పుడే మా విమానానికి పిలుపు. "ఒక్క నిమిషం ఆగరా, పూర్తిగా విననీ" అన్నాడు మామయ్య. ఆగాను. వరసలో చివరగా ఎక్కింది మేమే.

తలుపు మూసేముందు ఫోన్‌కి ఆటో కుర్రాడి నుంచి మెసేజ్ వచ్చింది. ఓ ఫొటో, మలుపు తిరిగిపోయిన ఆటోల వరస. కింద ఇంగ్లిష్‌లో రాశాడు, తన ముందు ఇంకా నూట పది బండ్లున్నాయట.